రమణప్ప చేసిన ప్రార్థన

ఆసుపత్రి చాప్లెయిన్ అంటే ఏం చేస్తారని మా బంధువులు ఇప్పటికీ అడుగుతుంటారు. డాక్టరు కాదు, నర్సు కాదు, సొంత సంఘం ఉన్న పాస్టరూ కాదు. రోగి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని మాట్లాడటం, అడిగితే ప్రార్థన చేయటం, ఎవరైనా చనిపోతే ఇంటివాళ్ళ దగ్గర ఉండటం. బయటికి కనిపించే పని ఇంతే. బెంగళూరులో ఒక మిషన్ ఆసుపత్రిలో ఉద్యోగ జీవితమంతా ఈ పనే చేసి రిటైరయ్యాను. ఇప్పుడు హెబ్బగోడిలో మా చెల్లెలి ఇంటి మేడ మీద ఉంటున్నాను.

ఈ మధ్య బైబిలు కాలేజీలో చదువు ముగించుకుని ఇదే పనిలోకి వస్తున్న అమ్మాయిలు నన్ను చూడటానికి వచ్చారు. "చనిపోయేవాళ్ళ దగ్గర ఏం చెప్పాలో నేర్పండమ్మా" అన్నారు. ఏం చెప్పాలో వాళ్ళకు కాలేజీలో ముందే నేర్పేశారు. నా భయం అదే. వాళ్ళ ఎదుట సరిగ్గా చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

మాకు నేర్పింది

మా నాన్న మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో సైకిలు మీద తిరిగి వాక్యం చెప్పిన పాస్టరు. ఊహ తెలిసినప్పటి నుంచీ నాకు రక్షణ అంటే ఒకటే అర్థం. యేసును నోటితో ఒప్పుకున్నవాళ్ళు పరలోకానికి పోతారు, ఒప్పుకోనివాళ్ళు నరకానికి పోతారు. వాక్యంలో ప్రతి అక్షరం దేవుడు చెప్పి రాయించిందే కాబట్టి ఇందులో మనం కూర్చుని ఆలోచించాల్సింది కూడా ఏమీ లేదు. నాన్న ఆ నమ్మకంతోనే ప్రశాంతంగా కన్నుమూశాడు.

శిక్షణలో మాకు ఆ నమ్మకాన్నే ఒక పద్ధతిగా మార్చి చేతికిచ్చారు. చనిపోబోయే మనిషి పొడుగు మాటలు వినలేడు కనుక కొద్దిలో చెప్పాలి. నువ్వు పాపివి, పాపానికి శిక్ష ఉంది, ఆ శిక్ష యేసు మోశాడు, ఇప్పుడు ఒప్పుకో. చివర్లో చిన్న ప్రార్థన మనం ముందు చెబితే రోగి వెనక చెబుతాడు. గొంతు పోయినవాడు మన చేయి నొక్కినా సరిపోతుంది.

మా పెద్ద చాప్లెయిన్ దేవసహాయం గారు. తెల్లటి చొక్కా, ఇస్త్రీ నలగని మనిషి. రోజూ ఉదయం మా చిన్న గదిలో ప్రార్థన అయ్యాక ఒక ప్రశ్న అడిగేవారు. "నిన్న ఎవరు వెళ్ళిపోయారు? వాళ్ళకు మనం చెప్పామా, లేదా?" చెప్పలేదని ఎవరైనా అంటే తిట్టేవారు కాదు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, కాసేపు కళ్ళు మూసుకునేవారు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. ఆయన చెడ్డవారు కారు. ఆ వార్డులన్నీ ఆయన కంటికి నిప్పంటుకున్న ఇళ్ళు. లోపలున్నవాళ్ళను మర్యాదగా పలకరించి వచ్చేస్తే ఎలా అన్నది ఆయన బాధ.

నాకు తెలుగు రోగుల్ని అప్పగించారు. హిందూపురం, అనంతపురం, చిత్తూరు వైపు నుంచి బస్సుల్లో వచ్చేవాళ్ళు, వైట్‌ఫీల్డులో ఉద్యోగాలు చేసుకునే పిల్లల అమ్మానాన్నలు, తరాలుగా బెంగళూరులోనే ఉన్న తెలుగువాళ్ళు. ఈ చివరివాళ్ళ తెలుగులో సగం కన్నడం కలిసి ఉంటుంది. రమణప్ప అలాంటి మనిషి.

రమణప్ప, ఆయన కూతురు

కబ్బన్‌పేటలో మగ్గాల ఇంట్లో పుట్టి పెరిగి, మగ్గం మీదే బతికినవాడు. ఊపిరితిత్తుల్లో క్యాన్సరు బాగా ముదిరాక వచ్చాడు. ఇక మందు లేదని తేలినవాళ్ళను నొప్పి లేకుండా చూసుకునే వార్డు మాకు ఒకటి ఉండేది. అక్కడ కిటికీ పక్క మంచం ఇచ్చారు. భార్య పార్వతమ్మ పగలంతా దగ్గరే ఉండేది. ఉదయం రాగానే చీర కొంగు ముడి విప్పి, కాగితం పొట్లంలోని విభూతి తీసి ఆయన నుదుటికి పెట్టేది. ఆ తరువాతే మంచినీళ్ళయినా తాగించేది.

ఒక్కతే కూతురు, సుధ. బెళ్ళందూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆఫీసులో స్నేహితురాలి వెంట ఒక తెలుగు సంఘానికి వెళ్ళి, విశ్వాసంలోకి వచ్చి, బాప్తిస్మం తీసుకుంది. ఇంట్లో గొడవ జరగలేదు. తండ్రి ఆదివారాలు ఆమెను బస్టాపు దాకా దిగబెట్టేవాడట.

నేను క్రైస్తవురాలినని తెలియగానే సుధకు ప్రాణం లేచి వచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుని, "ఆంటీ, నాకు టైం లేదు. నాన్నను ఎలాగైనా ఒప్పించండి" అంది. రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా వచ్చి స్టూలు మీద కూర్చునేది. ఫోనులో వాక్యం తీసి చదివేది. ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. "విన్నావా నాయనా?" అనేది. "విన్నాను పాపా" అనేవాడు. "మరి ఒప్పుకుంటావా?" అంటే నవ్వేవాడు, లేదా దగ్గు వచ్చేది. ఆమె ఏడ్చేది. ఈ వరసే రోజూ. ఇంకో మాట వాళ్ళ మధ్య వినిపించేది కాదు.

ఒక సెలవు రోజు సుధ ఉదయమే వచ్చి, తల్లి విభూతి పెట్టటం చూసి వద్దంది. పార్వతమ్మ పొట్లం మడిచి మళ్ళీ కొంగున ముడి వేసుకుంది.

ఆయన అడిగిన మాట

ఒక మధ్యాహ్నం పార్వతమ్మ బట్టలు ఉతుక్కోవటానికి ఇంటికి వెళ్ళింది. నేను వార్డులోకి రాగానే రమణప్ప చేత్తో పిలిచాడు. ఆక్సిజన్ గొట్టం ముక్కుకు ఉంది. రెండు మాటలకొకసారి ఆగి ఊపిరి పీల్చుకోవాలి.

"కూచో పాస్టరమ్మా. నిన్నొక మాట అడగాలని ఉండాది."

కూర్చున్నాను.

"పాప చిక్కిపోయింది. తిండి ముందర పెట్టుకొని తినకుండా సుమ్నే చూస్తా ఉంటాది. నాయనా నువ్వు నరకానికి పోతే నేను ఎట్ల బతికేది అంటాది. ఆ మాటలేవో నేను చెప్పేస్తే తింటాదేమో."

"మీకు చెప్పాలని ఉందా?" అన్నాను.

"నాకు నమ్మకం లేదమ్మా. అట్లని మీ దేవుని మీద కోపమూ లేదు. చౌడమ్మ తల్లికి దీపం పెట్టి పెరిగినోణ్ణి. ఈ వయసులో నన్ను ఎట్ల మార్చేది." ఊపిరి తీసుకున్నాడు. "నమ్మకం లేకుండా ఆ మాటలు చెప్తే మీ దేవునికి బేజారు అవుతాదా? అంతే అడగాలని."

నా శిక్షణ ప్రకారం అప్పుడు నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పుకుంటూ రావాలి. తలుపు కొద్దిగా తెరుచుకుంది, లోపలికి వెళ్ళాలి. నాకు నోరు రాలేదు. ఎదురుగా ఉన్న మనిషి తన కోసం ఏమీ అడగటం లేదు. తాను పుట్టినప్పటి నుంచి మొక్కిన తల్లిని కూడా పక్కన పెట్టటానికి సిద్ధపడి, ఆ పని చేసేటప్పుడు నా దేవుడి మనసు నొచ్చుకుంటుందేమోనని అడుగుతున్నాడు.

"బేజారు అవదు రమణప్పగారూ. కానీ మీరు ఆ మాటలు చెప్పకపోయినా సుధ మీ బిడ్డే" అన్నాను.

"అది నాకు తెలుసమ్మా. పాపకి తెలియాల కదా."

కాసేపయ్యాక ఇంకో మాట అన్నాడు. "నేను పోయినాక నన్ను మావోళ్ళ సమాధుల్లోనే పెట్టమని చెప్పు. లేకుంటే పార్వతి ఒంటిదైపోతాది. పాపకి ఇప్పుడే చెప్పొద్దు."

ఆదివారం

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక సుధ వాళ్ళ పాస్టరుగారిని, సంఘంలో కొందరిని తీసుకొచ్చింది. పాస్టరు కుర్రవాడే, మంచి గొంతు. ఒక్కొక్క మాట చెబుతుంటే రమణప్ప వెనకాలే చెప్పాడు. ఎవరో ఫోనులో వీడియో తీశారు. అయిపోగానే సుధ తండ్రి ఛాతీ మీద తల ఆనించి చాలాసేపు ఏడ్చింది. ఆయన ఊపిరి ఆడక ఇబ్బంది పడుతూ కూడా ఆమెను లేవమనలేదు. తరువాత ఆమె తల్లి తెచ్చిన డబ్బా మూత తీసి, పెరుగన్నం మొత్తం తినేసింది. ఆయన ఆమె తింటున్నంతసేపూ చూస్తూ ఉన్నాడు.

నేను బయటికి వచ్చేసరికి వరండాలో గోడకు ఆనుకుని పార్వతమ్మ నిలబడి ఉంది.

"ఆయప్ప దావ వేరే అయిపోయింది కదా పాస్టరమ్మా" అంది. "నేను పోయినప్పుడు ఎక్కడికి పోయేది? ఆయన ఉండేచోటికి నన్ను రానిస్తారా?"

ఆమెకు చెప్పటానికి నాకు ఏ వాక్యమూ దొరకలేదు. మేము నేర్చుకున్న వాక్యాలన్నీ ఒక మనిషిని ఒప్పించటానికి పనికొచ్చేవి. ఆ ఒప్పుకోవటం వల్ల విడిపోయిన ఇంకో మనిషితో ఏం మాట్లాడాలో వాటిలో లేదు. ఆమె పక్కన బెంచీ మీద కూర్చున్నాను.

ఆ వీడియో తరువాతి కూడికలో సాక్ష్యంగా చూపించారని విన్నాను. నీళ్ళలో బాప్తిస్మం ఇవ్వాలని వాళ్ళు అడిగితే డాక్టరు ఒప్పుకోలేదు. ఆ వారంలోనే రమణప్ప పోయాడు.

మార్చురీ ముందు

శవాన్ని తీసుకోవటానికి రెండు వైపుల నుంచీ మనుషులు వచ్చారు. కబ్బన్‌పేట నుంచి కులపెద్దలు, రమణప్ప తమ్ముడు. సంఘం తరఫున పాస్టరు, యువకులు. క్రైస్తవుల సమాధి తోటలో చోటు మాట్లాడి వచ్చామని పాస్టరు అన్నాడు. "మా అన్నను యావ తోటకూ ఇచ్చేది లేదు" అని తమ్ముడు అన్నాడు. పార్వతమ్మ నేల మీద కూర్చుని ఉంది. గొంతులు పెరుగుతుంటే సుధ నన్ను చూసి పరుగున వచ్చింది.

"ఆంటీ, మీరే చెప్పండి. నాన్న ప్రార్థన చేశారు కదా. మీరు అక్కడే ఉన్నారు కదా."

చెప్పక తప్పలేదు. "చేశారమ్మా. కానీ తనను మీవాళ్ళలోనే పెట్టమని నాతో అంతకుముందే చెప్పారు. అమ్మ ఒంటరిదైపోతుందని అన్నారు."

సుధ ముఖంలోకి చూడలేకపోయాను. తనే అడిగింది. "అంటే ఆ రోజు నటించారా?"

"నటన కాదు. నీ కోసం చేశారు."

"నా కోసం చేస్తే రక్షణ రాదు కదా ఆంటీ." చాలా మెల్లగా అంది. "మనస్ఫూర్తిగా చేయాలి కదా. క్లియర్‌గా అలాగే కదా చెప్పారు."

పాస్టరు వైపు చూసింది. ఆయన తల వంచుకున్నాడు. ఆయన నేర్పిన ప్రకారం ఆమె అన్నది సరైనదే. దాన్ని కాదనాలంటే ఆయన ఆదివారం చెప్పినదంతా కాదనాలి. ఏదో ఒకటి అంటాడని నేను కూడా ఎదురుచూశాను.

రమణప్పను వాళ్ళవాళ్ళే తీసుకెళ్ళారు. సుధ బండి వెనక వెళ్ళలేదు. సంఘం వాళ్ళ కారూ ఎక్కలేదు. గేటు బయట ఆటో స్టాండు దగ్గర నిలబడి ఉంటే, మా వార్డు నర్సు వెళ్ళి ఇంటికి దిగబెట్టి వచ్చింది.

దేవసహాయం గారి మాట

పాస్టరు మా ఆఫీసుకు ఫిర్యాదు చేశాడు. ఒక ఆత్మ సాక్ష్యాన్ని నేను పాడుచేశానని. దేవసహాయం గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"మీరు ఊరుకుని ఉండాల్సింది. ఆ పిల్లకు ఆ కాస్త ఆధారమైనా మిగిలేది."

"పెద్దాయన కోరిక దాచమంటారా అయ్యగారూ?"

ఆయన అద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన కుటుంబంలో మొదట విశ్వాసంలోకి వచ్చింది ఆయనేనని మాకు తెలుసు. అంతకుమించి ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ రోజు మాట్లాడారు.

"మా అమ్మ బాప్తిస్మం లేకుండానే పోయింది. ఎన్నిసార్లు చెప్పానో. సెలవులకు వెళ్ళిన ప్రతిసారీ అదే పోట్లాట. ఆమె నవ్వి, ముందు అన్నం తిను అనేది. చివరిసారి కోపంతో తినకుండానే బస్సెక్కాను. మళ్ళీ చూడలేదు."

"ఆమె ఎక్కడుందని మీరు అనుకుంటున్నారు?" అన్నాను. పై అధికారిని అలా అడగకూడదు. అడిగాను.

"నేను నమ్మింది నిజమైతే ఆమె నరకంలో ఉంది. నిజం కాకపోతే, నేను ఆమెతో పోట్లాడిన రోజులన్నీ దేనికి?" అన్నారు. "మీరు చిన్నవారు. నాకు ఇక అది విప్పి చూసే శక్తి లేదు."

మర్నాడు ఉదయం ప్రార్థన అయ్యాక ఆయన మళ్ళీ అదే ప్రశ్న అడిగారు. నిన్న ఎవరు వెళ్ళిపోయారు, వాళ్ళకు చెప్పామా లేదా అని. మిగతావాళ్ళు ఎప్పటిలాగే జవాబులు చెప్పారు. రిటైరయ్యే దాకా ఆయన ఆ ప్రశ్న మానలేదు. అది ఎవరి గురించి అడుగుతున్నారో ఆ రోజు నుంచి నాకు తెలుసు. ఆయన ఇప్పుడు లేరు.

తరువాత నాకు అర్థమైనంత

రమణప్ప పోయాక నేను వాక్యాన్ని మళ్ళీ మొదటి నుంచి చదివాను. రోగికి చూపించటానికి గుర్తు పెట్టుకున్న చోట్లు వదిలేసి, మిగిలినవన్నీ. చిన్నప్పటి నుంచీ చదివిన కథలే. పక్షవాతం వచ్చినవాణ్ణి మిత్రులు పైకప్పు విప్పి ప్రభువు ముందుకు దించిన కథ ఉంది. ఆ రోగి ఒక్క మాట మాట్లాడడు. మోసుకొచ్చినవాళ్ళ విశ్వాసం చూసే ఆయన క్షమిస్తాడు. ఇది నాకు కంఠతా వచ్చు. అయినా చనిపోయేవాళ్ళ దగ్గర ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. తన జనం కోసం తానే క్రీస్తుకు దూరమైపోయినా ఫరవాలేదన్న అపొస్తలుడి మాట చదివినప్పుడు, కిటికీ పక్క మంచం మీద రమణప్ప కనిపించి పుస్తకం మూసేశాను.

తీర్పు లేదని నేను చెప్పటం లేదు. కోపంగా ఉన్న చోట్లు కూడా ఆ పుస్తకంలో ఉన్నాయి, వాటిని చింపేసే అధికారం నాకు లేదు. ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఎందుకుందో, దాన్ని రాసిన మనుషులు ఎంత బాధలో ఉండి రాశారో ఇప్పుడు ఆలోచిస్తాను. మా నాన్న ఉంటే దీన్ని ఒప్పుకునేవాడు కాదు. ప్రతి అక్షరమూ ఒకే గొంతుతో మాట్లాడుతుందని నమ్మినవాడు ఆయన. ఎవరు లోపల, ఎవరు బయట అని చెప్పే పని మాత్రం నాకు ఎవరూ అప్పగించలేదని తెలుసుకున్నాను. చిన్న మాటే. ఆ మాట అన్నందుకు మా సొంత సంఘంలో స్త్రీల కూడికలో మాట్లాడటానికి నన్ను పిలవటం మానేశారు. నిజం చెప్పాలంటే, నాన్నకు ఉన్న ఆ నిబ్బరం పోయినందుకు నాకే దిగులుగా ఉంటుంది. ఆయనలా నిశ్చింతగా నేను పోలేను.

పనిలోకి వచ్చే అమ్మాయిలకు ఒక్కటే చెప్పగలను. చివరి రోజులు చాలా కొద్ది. మీరు వాటిని దేనితో నింపితే ఇంటివాళ్ళకు అదే మిగులుతుంది. పద్ధతి ప్రకారం చెప్పి వచ్చేసి, మన బాధ్యత తీరిందనుకోవటం తేలిక. దాని తరువాత బతికేది వాళ్ళు.

పార్వతమ్మ ఒకసారి కంటి పరీక్షకు ఆసుపత్రికి వచ్చి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నాతో ఒక సంగతి చెప్పింది. ప్రార్థన జరిగిన మర్నాడు ఆమె విభూతి పొట్లం పట్టుకుని, పెట్టాలో వద్దో తెలియక నిలబడి ఉంటే, ఆయనే తల ముందుకు వంచాడట.

"ఆ ప్రార్థన పాప కోసం చేసినాడు. ఇది నా కోసం పెట్టించుకున్నాడు" అంది. "తన కోసం తాను ఏమి చేసుకున్నాడో నాకు తెలీదు పాస్టరమ్మా."

సుధ వేరుగా ఉంటూ నెలకొకసారి వచ్చి వెళ్తోందని, తండ్రి ఫోటో ఉన్న గదిలోకి మాత్రం రాదని చెప్పింది.

సుధ ఫోను

నేను రిటైరయ్యాక ఒకరోజు మధ్యాహ్నం ఫోను వచ్చింది. గొంతు గుర్తుపట్టలేదు. పేరు చెప్పింది.

"సంఘానికి వెళ్తున్నావా అని మాత్రం అడగకండి ఆంటీ."

"అడగను. అమ్మ ఎలా ఉంది?"

"ఉంది. ఆంటీ, నాన్న మీతో ఇంకేమైనా మాట్లాడేవారా? విశ్వాసం గురించి కాదు. మామూలుగా. నా దగ్గర ఆ రోజులవి ఏమీ లేవు. అన్నీ నేను అడిగినవే, ఆయన సరే పాపా అన్నవే."

గుర్తు తెచ్చుకోవటానికి కొంచెం సమయం పట్టింది. ఆసుపత్రి కాఫీ ఆయనకు నచ్చేది కాదని చెప్పాను. పక్క మంచం ముసలాయనతో కన్నడంలో రాజకీయాలు మాట్లాడి నర్సు చేత తిట్లు తిన్నాడని చెప్పాను. ఆమె కొంచెం నవ్వింది.

"ఇంకా?"

"నీ చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పారు. పసిబిడ్డగా నిన్ను మగ్గం పక్కనే పడుకోబెట్టేవాళ్ళట. ఆ చప్పుడుకు అలవాటుపడి, చప్పుడు ఆగితే లేచి ఏడ్చేదానివట. అందుకని నువ్వు నిద్రపోతున్నంతసేపూ మగ్గం ఆపేవారు కాదట. నూలు లేని రోజు కూడా ఉత్త మగ్గమే ఆడించేవాడినని చెప్పి తనే నవ్వుకున్నారు."

ఆమె ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది. మళ్ళీ అడిగింది.

"ఇంకా ఆంటీ?"

నా దగ్గర ఇంకేమీ లేవు. ఆయన నాతో మాట్లాడిందే కొంచెం. అందులోనూ నేను మరిచిపోయినవి ఎన్నో. ఏదైనా కల్పించి చెబుదామా అని కూడా అనిపించింది.

"అంతేనమ్మా" అన్నాను.